తుపాకులు అప్పగించాక ఆ సంస్థలు పోతాయా? ఉత్తర ఐర్లండ్‌లో జరిగింది

అడిగిన ప్రశ్న ఇది: "మన దగ్గర మావోయిస్టులు వరసగా లొంగిపోతున్నారు. ఉత్తర ఐర్లండ్‌లో 1998లో శాంతి ఒప్పందం కుదిరాక కూడా సాయుధ సంస్థలు ఏం చేస్తున్నాయో చూడటానికి కమిషన్లు వేశారని చదివాను. అవి పనిచేశాయా? పాతికేళ్లు దాటినా ఆ సంస్థలు ఇంకా ఎందుకున్నాయి?"

బెల్‌ఫాస్ట్‌లో ఒక స్వచ్ఛంద సంస్థలో చాలా ఏళ్లు పనిచేశాను. మా పని ఎక్కువగా ఈ సంస్థల బెదిరింపులో ఉన్న కుర్రాళ్లతో, వాళ్ల ఇళ్లవాళ్లతో. కాబట్టి కాగితాల మీద ఉన్నదీ వీధిలో ఉన్నదీ రెండూ కొంత తెలుసు. ముందు సూటిగా జవాబు చెప్తాను. ఆ సంస్థల పనుల మీద నిఘాకి వేసిన మొదటి కమిషన్ (2004–2011) పనిచేసింది. ఇప్పుడున్న రెండోది దాచకుండా, దాటవేయకుండా రాస్తోంది, కానీ అది రాసినదాని వల్ల ఎవరికీ ఏమీ పోవడం లేదు. మొదటిది రాస్తే డబ్బు పోయేది, పదవి ఆగిపోయేది. మిగతా తేడాలన్నీ దీని తర్వాతే.

నేపథ్యం తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లోనే ఉండాలనే యూనియనిస్టులు (ఎక్కువగా ప్రొటెస్టెంట్లు) ఒకవైపు, ఐర్లండ్‌లో కలవాలనే నేషనలిస్టులు (ఎక్కువగా కాథలిక్కులు) మరోవైపు. మూడు దశాబ్దాల హింసలో 3,500 మందికి పైగా చనిపోయారు. కాథలిక్ వాడల్లో ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ), దాని పక్షంవాళ్లని రిపబ్లికన్లంటారు. ప్రొటెస్టెంట్ వాడల్లో యూవీఎఫ్ (అల్‌స్టర్ వాలంటీర్ ఫోర్స్), యూడీఏ (అల్‌స్టర్ డిఫెన్స్ అసోసియేషన్) అనే లాయలిస్ట్, అంటే బ్రిటన్‌కి విధేయమైన సంస్థలు. అక్కడ వీటన్నిటినీ పారామిలిటరీలంటారు, మన సీఆర్‌పీఎఫ్ లాంటి ప్రభుత్వ బలగాలనుకోవద్దు. 1998 ఏప్రిల్ 10న గుడ్‌ఫ్రైడే ఒప్పందం కుదిరింది. ఒప్పందాన్ని ఒప్పుకున్న సంస్థల ఖైదీలను రెండేళ్లలో వదిలేశారు. 400 మందికి పైనే బయటికొచ్చారు, అదీ లైసెన్సు మీద, అంటే మళ్లీ ఆ పనుల్లోకి దిగితే తిరిగి జైలుకే.

ఆయుధాల సంగతి చూడటానికి కెనడా జనరల్ జాన్ డి షాస్టెలెన్ నాయకత్వంలో ఒక అంతర్జాతీయ కమిషన్ అప్పటికే ఉంది. మనవాళ్లకి వింతగా అనిపించే విషయం ఒకటుంది. ఆయుధాలు పోలీసులకి అప్పగించలేదు. ఆ సంస్థలవాళ్లు, కమిషన్ వాళ్లు కలిసి గుట్టుగా వాటిని పనికిరాకుండా చేశారు. ఎన్ని తుపాకులు, ఎక్కడ అన్నది చెప్పలేదు, ఫొటోల్లేవు. యూనియనిస్టు నాయకుడు ఇయన్ పెయిస్లీ ఫొటోలు కావాలని పట్టుబట్టాడు. అది తమను అవమానించడమేనని ఐఆర్ఏ ఒప్పుకోలేదు. 2004 డిసెంబర్లో, కూలిన ప్రభుత్వాన్ని మళ్లీ నిలబెట్టడానికి దాదాపు కుదిరిన ఒప్పందం ఆ ఫొటోల దగ్గరే చెడింది. చివరికి ఇద్దరు మతాధికారులు, ఒక కాథలిక్ ఫాదర్, ఒక మెథడిస్ట్ పాస్టర్, కళ్లారా చూసి సాక్ష్యం చెప్పారు. 2005 సెప్టెంబర్ 26న ఐఆర్ఏ ఆయుధాల పని పూర్తయిందని కమిషన్ ప్రకటించింది. లాయలిస్టులు ఇంకా సాగదీశారు. యూవీఎఫ్ 2009 జూన్‌లో, యూడీఏ 2010 జనవరిలో ముగించాయి. ఎందుకు అప్పుడే అంటారా? ఆయుధాలు అప్పగించేవాళ్ల మీద కేసులుండవన్న చట్టం గడువు 2010 ఫిబ్రవరిలో తీరిపోతోంది. గడువుకి ఉన్న బలం అది.

ఆయుధాలు ఒక ఎత్తు, ఆ సంస్థ రోజూ చేసే పనులు ఒక ఎత్తు. కొట్టడం, వసూళ్లు, ఊరొదిలి పొమ్మనడం, కొత్త కుర్రాళ్లని చేర్చుకోవడం. ఇవి ఆగాయా లేదా అని ఎవరు చెప్పాలి? పోలీసులు చెబితే ఒక పక్షం నమ్మదు, పార్టీలు చెబితే రెండో పక్షం నమ్మదు. 2002 అక్టోబర్లో రెండు పక్షాలూ కలిసి నడిపిన సంకీర్ణ ప్రభుత్వం కూలిందే ఈ నమ్మకం లేక. అందుకే బ్రిటన్, ఐర్లండ్ ప్రభుత్వాలు కలిసి ఒప్పందం రాసుకుని 2004 జనవరిలో ఇండిపెండెంట్ మానిటరింగ్ కమిషన్‌ని పెట్టాయి. నలుగురు సభ్యులు. ఉత్తర ఐర్లండ్ రాజకీయ నాయకుడూ మానసిక వైద్యుడూ అయిన లార్డ్ ఆల్డర్‌డైస్, ఐర్లండ్ న్యాయశాఖలో పెద్ద అధికారిగా చేసిన జో బ్రాస్నన్, లండన్ పోలీసుల్లో ఉగ్రవాద వ్యతిరేక విభాగాన్ని నడిపిన జాన్ గ్రీవ్, అమెరికా సీఐఏలో డిప్యూటీ డైరెక్టర్‌గా చేసిన డిక్ కెర్. ఈ జాబితా చూడగానే రిపబ్లికన్లు నవ్వారు, "గూఢచారులూ పోలీసులూ కలిసి మాకు తీర్పు చెప్తారా" అని. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ నిఘా సమాచారం చేతికిచ్చినప్పుడు అందులో ఏది గట్టిది, ఏది ఎవరో అల్లింది అని పసిగట్టాలంటే ఆ వంటింట్లో పనిచేసినవాడే కావాలి. ఈ విషయంలో ఎంపిక సరైనదేనని నా అభిప్రాయం.

దాని పని తీరు ఇలా ఉండేది. ఆరు నెలలకోసారి నివేదిక, మధ్యలో అవసరమైతే ప్రత్యేకంగా మరొకటి. మొత్తం 26 వెలువడ్డాయి. పోలీసులు, నిఘా విభాగాలు, మాజీ ఖైదీలు, మతపెద్దలు, బాధితులు, ఎవరు వచ్చినా వినేవాళ్లు, ఎవరు చెప్పారో బయటపెట్టేవాళ్లు కాదు. ప్రతి సంస్థకీ విడివిడిగా రాసేవాళ్లు: ఈ ఆరు నెలల్లో ఎవరిని చంపింది, ఎవరిని కొట్టింది, దొంగతనాలు చేసిందా, ఆయుధాలు కొంటోందా, నాయకత్వం ఏ దారిన పోతోంది. ఇక్కడే ఒక మంచి విచక్షణ చూపించారు. నాయకత్వం ఆదేశించిన పని, సభ్యుడు సొంత లాభానికి చేసిన పని, ఈ రెంటినీ వేరు చేశారు. మన పత్రికల్లో అయితే "మాజీ నక్సలైట్ల దోపిడీ" అని ఒక్క శీర్షికతో అయిపోతుంది. ఆ పని సంస్థ చేయించిందా, సంస్థ పేరు వాడుకుని ఎవడో చేశాడా అన్నది తేలకపోతే, దారికొస్తున్న సంస్థను వెనక్కి తోసేస్తాం, లేదా దారికి రానిదాన్ని వెనకేసుకొస్తాం.

ఇక కోరల సంగతి. 2004 ఏప్రిల్లో వచ్చిన మొదటి నివేదిక రెండు పార్టీల నిధులు ఆపమంది. ఒకటి ఐఆర్ఏతో బంధమున్న షిన్ ఫేన్, రెండోది యూవీఎఫ్‌తో బంధమున్న పీయూపీ. ప్రభుత్వం ఆపేసింది. అదే ఏడాది డిసెంబర్లో బెల్‌ఫాస్ట్‌లో నార్తర్న్ బ్యాంక్ దోపిడీ జరిగింది, పోయింది 2 కోట్ల 65 లక్షల పౌండ్లు. అది ఐఆర్ఏ పనేనని కమిషన్ రాసింది. షిన్ ఫేన్ ఎంపీలకు లండన్ పార్లమెంటు ఇచ్చే భత్యాలు ఏడాదిపాటు ఆగాయి. డబ్బు పెద్దది కాదు. పరువు పెద్దది, ముఖ్యంగా అమెరికాలో ఉన్న ఐరిష్ మద్దతుదారుల ముందు. 2005 జనవరిలో ఒక బార్ దగ్గర ఐఆర్ఏ సభ్యులు ఒక కాథలిక్ వ్యక్తినే పొడిచి చంపారు. అతని అక్కచెల్లెళ్లు వాషింగ్టన్ దాకా వెళ్లి న్యాయం అడిగారు. చంపినవాళ్లని తామే కాల్చేస్తామని ఐఆర్ఏ ఆ కుటుంబానికి చెప్పింది. సంస్థ బుర్ర ఎంత బిగుసుకుపోయి ఉందో ఆ ఒక్క మాటలో తెలిసిపోయింది. ఆరు నెలలు తిరగకుండా, జులై 28న సాయుధ పోరాటం ముగిసిందని ఐఆర్ఏ ప్రకటించింది.

తర్వాతి రెండేళ్లలో కమిషన్ చేసిన అసలు మేలు ఏమిటంటే, యూనియనిస్టులు నమ్మగలిగిన నోటితో "అవును, మారుతున్నారు" అని చెప్పడం. ఐఆర్ఏలో ఆయుధాలు కొనే విభాగం, తయారుచేసే విభాగం, శిక్షణ విభాగం రద్దయ్యాయని 2006 అక్టోబర్లో రాసింది. కొద్ది రోజులకే స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో చర్చలు, 2007 మేలో కొత్త సంకీర్ణ ప్రభుత్వంలో పెయిస్లీ, మాజీ ఐఆర్ఏ కమాండర్ మార్టిన్ మెగిన్నిస్ పక్కపక్క కుర్చీల్లో. నిఘా కమిషన్ అంటే తప్పులు పట్టేది మాత్రమే అనుకుంటాం. తప్పు చేయనప్పుడు చేయలేదని చెప్పగలిగే అధికారం కూడా దానికుండాలి. రిపబ్లికన్లు తిడుతూనే చివరికి ఆ సర్టిఫికెట్ కోసం ఎదురుచూశారు.

ఇంకో సంగతి చాలామంది వదిలేస్తారు. ఆ కమిషన్ ప్రభుత్వాన్ని కూడా లెక్క అడిగింది. సైన్యం కాపలా టవర్లు కూల్చిందా, బ్యారక్‌లు మూసిందా, ఎంతమంది సైనికులు వెనక్కి పోయారు, ఇవన్నీ అదే కమిషన్ రాయాల్సినవి. 2007 జులై 31న ఉత్తర ఐర్లండ్‌లో బ్రిటిష్ సైన్యం మోహరింపు, ఆపరేషన్ బానర్, ముగిసింది, 1969లో మొదలైనది. ఒకవైపునే తూకమేసే కాటా అయ్యుంటే ఎవరూ దాని ముఖం చూసేవాళ్లు కాదు.

2011 మార్చిలో కమిషన్‌ని మూసేశారు, పని అయిపోయిందని. అవలేదు. 2009 మార్చిలోనే ఒప్పందాన్ని ఒప్పుకోని చీలిక వర్గాలు మూడు రోజుల్లో ఇద్దరు సైనికులనీ ఒక పోలీసునీ చంపాయి. లాయలిస్ట్ వాడల్లో పాత సంస్థలు పేరు మార్చకుండానే వ్యాపారం మార్చుకున్నాయి, మత్తుమందులు, వడ్డీ, మామూళ్లు. ఆ నాలుగేళ్లు అధికారికంగా చూసి చెప్పేవాళ్లే లేరు. అందరికీ అదే హాయిగా ఉంది కూడా.

2015లో బండారం బయటపడింది. బెల్‌ఫాస్ట్‌లో మేలో ఒక మాజీ ఐఆర్ఏ నాయకుడు హత్యకు గురయ్యాడు, ఆగస్టులో దానికి ప్రతీకారంగా మరో మాజీ సభ్యుడు. ఐఆర్ఏ నిర్మాణం ఇంకా ఉందని పోలీస్ చీఫ్ జార్జ్ హామిల్టన్ అనేసరికి ప్రభుత్వం ఊగిపోయింది, ఫస్ట్ మినిస్టర్ పీటర్ రాబిన్సన్ కొంతకాలం పక్కకు తప్పుకున్నాడు. పోలీసులు, బ్రిటన్ అంతర్గత నిఘా సంస్థ ఎంఐ5 కలిసి అక్టోబర్లో ఒక అంచనా ఇచ్చాయి: పాత సంస్థలు ఒక్కటి కూడా పోలేదు. నవంబర్లో పార్టీలు, ప్రభుత్వాల మధ్య ఫ్రెష్ స్టార్ట్ ఒప్పందం, 2016లో ముగ్గురు నిపుణుల కమిటీ 43 సిఫార్సులు. ఆ ముగ్గురిలో ఒకరు మళ్లీ ఆల్డర్‌డైసే. 2017లో ఇండిపెండెంట్ రిపోర్టింగ్ కమిషన్ పని మొదలైంది. పోలీసులు, జాతీయ నేర దర్యాప్తు సంస్థ, పన్నుల శాఖ కలిసి ఒక ఉమ్మడి టాస్క్‌ఫోర్స్ పెట్టాయి. యువత, మహిళలు, బడులు, పరిశీలనలో ఉన్న ఖైదీల కోసం వేరే కార్యక్రమం, దానికి మొదట అయిదేళ్లకి 5 కోట్ల పౌండ్లు. ఎమ్మెల్యేల ప్రమాణంలో కూడా ఈ సంస్థల రద్దుకి పనిచేస్తామన్న మాట చేర్చారు.

కొత్త కమిషన్ పేరులోనే తేడా ఉంది, పర్యవేక్షణ పోయి నివేదన వచ్చింది. ఫలానా హత్య ఫలానా సంస్థ చేసిందని ఇది చెప్పదు. నిధులు ఆపమని సిఫార్సు చేయదు. ప్రభుత్వాలు మాట నిలబెట్టుకుంటున్నాయా లేదా అని ఏడాదికోసారి రాస్తుంది. అది రాయడం మొదలుపెట్టిన రోజుల్లో చదివి స్పందించడానికి అక్కడ మంత్రివర్గమే లేదు. 2017 నుంచి 2020 దాకా ఒకసారి, 2022 నుంచి 2024 దాకా మరోసారి అసెంబ్లీ పడకేసింది. అయినా నివేదికల్లో సరుకుంది. కేసులూ అరెస్టులతోనే ఇది పోదు, పేదరికం, చదువు, ఇళ్లు అన్నీ చూడాలి, రెండు పట్టాల మీదా బండి నడవాలని మొదటినుంచీ చెప్తోంది.

వీధిలో ఇది ఎలా ఉంటుందో తెలిస్తే ఆ రెండో పట్టా ఎందుకో అర్థమవుతుంది. ఒక కుర్రాడు కార్లు దొంగిలిస్తున్నాడు, లేదా సంస్థ అనుమతి లేకుండా మత్తుమందులు అమ్ముతున్నాడు అనుకోండి. ఇంటికి కబురొస్తుంది: ఫలానా రోజు ఫలానా సందుకి రావాలి. రాకపోతే ఇంకా ఘోరంగా ఉంటుంది. చాలాసార్లు తల్లో తండ్రో దగ్గరుండి తీసుకెళ్తారు. ముందుగా మందు తాగిస్తారు, నొప్పి మాత్రలు వేస్తారు. కాలి పిక్కలోనో మోకాలిలోనో కాలుస్తారు. ఎక్కడ కాల్చాలి, ఎన్ని అన్నది నేరాన్ని బట్టి. పోలీసుల లెక్కల్లో దీనికి ప్రత్యేకంగా ఒక వరసే ఉంది. తల్లిదండ్రులు ఎందుకు ఒప్పుకుంటారని మనకు అనిపిస్తుంది. ఒప్పుకోవడం కాదు, కొడుకు బతికుండటానికి అదే దారి అని వాళ్ల లెక్క. నా దగ్గరికొచ్చిన ఒకావిడ నన్నడిగింది పోలీసుల దగ్గరికి తీసుకెళ్లమని కాదు, తేదీ వారం వాయిదా వేయించగలమా అని. వాడికి ఆ వారంలో పరీక్ష ఉంది.

అప్పుల దందా ఇంతకన్నా నెమ్మదైనది, ఇంతకన్నా విస్తారమైనది. క్రిస్మస్ ముందు పిల్లల బట్టలకో బొమ్మలకో వంద పౌండ్లు తీసుకుంటారు. ఇచ్చినవాడు బ్యాంకు కార్డు తన దగ్గరే పెట్టుకుంటాడు. ప్రభుత్వ భత్యం పడిన రోజు వాడే తీసుకుని మిగిలింది చేతిలో పెడతాడు. తీర్చలేకపోతే సంచి ఒకటి దాచిపెట్టమంటాడు, లేదా మీ అబ్బాయిని చిన్న పనికి పంపమంటాడు. తుపాకీ ఎక్కడా కనిపించదు. ఆయుధాల కమిషన్ ఎంత బాగా పనిచేసినా దీన్ని పట్టుకోలేదు.

మరి పోలీసులకెందుకు చెప్పరు? కాథలిక్ వాడల్లో దశాబ్దాలుగా పోలీసు అంటే శత్రువే. 2001లో ఆ దళాన్నే పేరుతో సహా మార్చి, పదేళ్లపాటు కొత్త ఉద్యోగాల్లో సగం కాథలిక్కులకిచ్చినా, షిన్ ఫేన్ పోలీసులకు మద్దతు పలికింది 2007లో. లాయలిస్ట్ వాడల్లో కారణం వేరు. పోలీసుకి చెప్పింది సాయంత్రానికి ఆ సంస్థకి చేరుతుందన్న భయం, దానికీ ఆధారం లేకపోలేదు. ఉత్తర బెల్‌ఫాస్ట్‌లో యూవీఎఫ్‌లోని తమ ఇన్ఫార్మర్లు హత్యలు చేస్తున్నా స్పెషల్ బ్రాంచి కాపాడిందని పోలీసుల మీద ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ నూలా ఓలోన్ 2007 జనవరిలో నివేదిక ఇచ్చింది.

తెలుగువాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. మాజీ నక్సలైటు నయీం ఏళ్ల తరబడి భూదందాలు, సెటిల్‌మెంట్లు నడిపి 2016 ఆగస్టులో షాద్‌నగర్‌లో ఎన్‌కౌంటర్‌లో పోయాక పోలీసు అధికారులతో ఉన్న సంబంధాల మీద ఎన్ని ఆరోపణలొచ్చాయో గుర్తుంది కదా. నల్లమల కోబ్రాలు అంటూ పౌరహక్కులవాళ్లని బెదిరించిన ముఠాల వెనక ఎవరున్నారో ఏ కమిషనూ తేల్చలేదు. ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం లాంటి దళానికి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది, ఆ తీర్పిచ్చిన వారిలో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి ఒకరు. 2004 అక్టోబర్లో ప్రభుత్వానికీ మావోయిస్టులకీ హైదరాబాద్‌లో చర్చలు జరిగినప్పుడు మనకు మధ్యవర్తిగా పౌరస్పందన వేదిక ఉంది, మాజీ ఐఏఎస్ ఎస్.ఆర్. శంకరన్ లాంటి మనిషి ఉన్నారు, రెండు పక్షాలూ ఆయన మాట వినేవి. లేనిదల్లా, ఎవరు మాట తప్పారో అధికారికంగా చెప్పగల, చెబితే దాని ఫలితం ఉండే ఒక సంస్థ. ఆయుధాలతో ఊళ్లలోకి రావొచ్చా లేదా అన్న పేచీ ఎటూ తేలలేదు. 2005 జనవరికల్లా మావోయిస్టులు చర్చల నుంచి తప్పుకున్నారు.

మళ్లీ బెల్‌ఫాస్ట్‌కి. ఇప్పుడు అక్కడ తేలని అసలు ప్రశ్న, ఒక సంస్థ "అయిపోయింది" అని ఎప్పుడంటాం? లాయలిస్ట్ సంస్థల్లో దాదాపు 12,500 మంది సభ్యులున్నారన్న నిఘా అంచనాను 2020 చివర్లో బీబీసీ బయటపెట్టింది. యుద్ధం లేని చోట అంతమంది ఏం చేస్తుంటారు? చాలామంది ఏమీ చేయరు, నెలకి చందా కడతారు, అంతే. కొందరు నిజంగానే కుర్రాళ్లని గొడవల్లోకి పోకుండా ఆపుతారు, అది నేను చూశాను. కొందరు పగలు సమాజ సేవకులు, రాత్రి వడ్డీ వసూలుదార్లు. గ్రాంట్లు ఇచ్చే అధికారికి ఈ మూడు రకాల వాళ్లూ ఒకే కోటు వేసుకుని కనిపిస్తారు. "వాడలో పలుకుబడి ఉన్నవాళ్లు" అంటూ ప్రతి పనికీ వాళ్లనే పిలవడం వల్ల ఆ పలుకుబడి పెరుగుతుంది. 2024 ఆగస్టులో బెల్‌ఫాస్ట్‌లో వలసవాళ్ల దుకాణాలు తగలబెట్టినప్పుడు దాని వెనక ఈ సంస్థల చెయ్యి కూడా ఉందని పోలీసులే అన్నారు. ఆ నగరంలో ఉద్యోగాలకూ చదువులకూ వచ్చిన మనవాళ్లు కూడా ఆ వారం ఇళ్ల తలుపులు వేసుకుని కూర్చున్నారు.

రిపోర్టింగ్ కమిషన్ కొన్నేళ్లుగా మూడో దారి ఒకటి చెప్తోంది: అరెస్టులతో, సంక్షేమంతో పాటు, ఆ సంస్థలతోనే లాంఛనంగా మాట్లాడి రద్దుకి ఒక ప్రక్రియ పెట్టమని. నిషేధిత జాబితాలోంచి పేరు తీసేయడం కూడా అందులో భాగం కావచ్చు. 2025 ఫిబ్రవరిలో రెండు ప్రభుత్వాలూ, దీనికి అసలు ఆస్కారముందా అని తేల్చడానికి ఒక స్వతంత్ర నిపుణుణ్ని వేస్తామన్నాయి. బాధితుల కుటుంబాలు, కొన్ని పార్టీలు మండిపడ్డాయి. ఇన్నేళ్ల తర్వాత ఇంకా బుజ్జగింపులేమిటి, ఇది నేరం, నేరానికి జైలు అని. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. అయినా మాట్లాడటానికే నా ఓటు, మూడు షరతులతో. గడువు తేదీ ముందే చట్టంలో ఉండాలి, 2010 ఫిబ్రవరిలా. ఎవరు నిజంగా మానేశారో చెప్పే అధికారం, పాత కమిషన్‌కి ఉన్నట్టు పేరు పెట్టి చెప్పే అధికారం, ఎవరికో ఒకరికి తిరిగి ఇవ్వాలి. చర్చల బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకి గ్రాంట్ల బల్ల దగ్గర కుర్చీ ఉండకూడదు. మూడోదే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే ఆ గ్రాంట్లు ఆగితే వాడలో ముందు మూతపడేది కుర్రాళ్ల క్లబ్బు.